గరివిడి రాయి: బ్రౌనైటా, జాకబ్‌సైటా?

విజయనగరం జిల్లా గరివిడి పాత గని గుట్టల్లో దొరికిన రాయిది. ఇది బ్రౌనైటా, జాకబ్‌సైటా అన్నదే నా సందేహం, రెండూ మాంగనీస్ ఖనిజాలే. విశాఖలో ఇంట్లోనే పరీక్షిస్తున్నాను, ఎక్స్‌రే సౌకర్యం లేదు.

ఉక్కు నలుపు, విరిచినచోట లోహపు మెరుపు. మెరుగులేని టైల్ మీద గీస్తే ముదురు గోధుమ నలుపు గీటు పడుతోంది. గాజును గీస్తుంది, క్వార్ట్జ్ దీన్ని గీస్తుంది. గాలిలో 312 గ్రాములు, నీళ్లలో వేలాడదీస్తే 246. అంటే సాపేక్ష సాంద్రత 4.7 పైచిలుకు. తూచేముందు బాగా నానబెట్టాను, లేకపోతే పగుళ్లలోని గాలి లెక్క చెడగొడుతుంది.

గీటు ఎర్రగా లేదు కాబట్టి హెమటైట్ కాదు. పొడి మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే బుసబుసా పొంగింది, కాబట్టి మాంగనీస్ ఆక్సైడ్ అనే అనుకుంటున్నాను.

చిక్కంతా అయస్కాంతం దగ్గరే: జాకబ్‌సైట్ అయస్కాంతానికి బాగా అంటుకుంటుంది, బ్రౌనైట్ దాదాపు అంటుకోదు. ముక్కను దారానికి కట్టి వేలాడదీస్తే కొద్దిగా లాగుతుంది. మెత్తగా నూరితే కొంత పొడి మామూలు అయస్కాంతానికే గడ్డంలా అంటుకుంటుంది, మిగతాది కదలదు. బ్రౌనైట్‌లో సిలికా ఉంటుంది కదా అని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి చూశాను. అడుగున తెల్లటి మడ్డి మిగిలింది గానీ, రాయిలోనే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రేణువులున్నాయి, అవీ కరగకుండా ఇలాగే మిగులుతాయి, అందుకే దాన్ని నమ్మలేను.

అంటుకున్న పొడిని, అంటుకోని పొడిని విడదీశాక, ఏది జాకబ్‌సైటో ఏది బ్రౌనైటో ఇంట్లోనే తేల్చే నమ్మకమైన పరీక్ష ఏది?