1-0-1 అర్థం కాకపోతే తప్పెవరిది?

పత్తికొండ పిల్లోడు:
మా అవ్వకి షుగర్. చీటీలో మాత్ర 1-0-1 అని రాశారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అవ్వేమో ఈ రోజు ఒకటి, రేపు వద్దు, ఎల్లుండి ఒకటి అనుకుంది. మూడు నెలలు అదే లెక్క. షుగర్ దిగలేదని డాక్టరు డోసు పెంచారు. పెంచిన మాత్రనీ అట్లే మింగింది. ఎట్లా వేసుకుంటున్నావని ఒక్కరూ అడగలేదు, నాతో సహా.

ఆరోగ్య విషయాలు జనానికి అర్థం కావాలని కొన్ని దేశాలు జాతీయ విధానాలే రాసుకున్నాయి. చైనా 2008లో ప్రతి పౌరుడికీ తెలియాల్సిన 66 అంశాలు ప్రకటించి, సర్వేలతో కొలుస్తోంది. స్కాట్లాండ్ 2014లో తెచ్చిన ప్రణాళిక మాత్రం అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఆరోగ్య వ్యవస్థ మీదే పెట్టింది. మనకి ఏది సరి? నా ఓటు స్కాట్లాండ్‌కే.

కడప టీచరమ్మ:
ఆస్పత్రిలో ఉండేది పది నిమిషాలు, మిగతా బతుకంతా ఇంట్లోనే కదా నాయనా. జ్వరం రాగానే సూది వేయమని ఆర్‌ఎంపీని బతిమాలేది ఎవరు? చైనా సర్వేలో 2012లో 9 శాతం మందికి కూడా లేని అవగాహన 2022కి 27 శాతం మందిని దాటింది. బడిలోనే మొదలుపెట్టాలి. మా ఏడో తరగతి పిల్లలు జీర్ణవ్యవస్థ బొమ్మ చక్కగా వేస్తారు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో కలపాలని ఒక్కడూ చెప్పలేకపోయాడు.

పత్తికొండ పిల్లోడు:
మేడమ్, 2011 లెక్కల్లో మా కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం. అవ్వ ఇప్పుడు బడికి పోతుందా? చైనాలో కూడా పదేళ్ల తర్వాత నలుగురిలో ముగ్గురు మిగిలే ఉన్నారు. చీటీ వాళ్లకీ అర్థం కావాలి కదా.

హౌస్‌సర్జన్:
అందరూ డాక్టర్ల మీద పడండి! పొద్దుటి ఓపీలోనే వంద చీటీలు దాటుతాయి. 'ఇంటికి పోయి ఎట్లా వేసుకుంటావో నాకు చెప్పు' అని పేషెంటు చేతే తిరిగి చెప్పించాలంటారు స్కాట్లాండ్ వాళ్లు. మంచి పద్ధతే, మనిషికి రెండు నిమిషాలు ఎక్కడ తేవాలి? మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలని 2016లోనే నిబంధన వచ్చింది. అదెంత అమలవుతోందో నా చీటీ చూస్తే తెలుస్తుంది.

మందుల షాపు, ఆదోని:
చీటీ ఎట్లున్నా చివరికి చెప్పేది మేమే. సగం స్ట్రిప్ అడుగుతారు. కత్తిరిస్తే పేరు ఒకరికి పోతుంది, ఎక్స్‌పైరీ తేదీ ఇంకొకరికి. కవరు మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసిస్తా. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, నా షాపులో ఒక్కరూ స్కాన్ చేయలేదు. సుగ్గికి, అంటే కూలి పనుల వలసకి, గుంటూరు పోయినోళ్లకి అక్కడ వేరే కంపెనీ మాత్ర ఇస్తారు. రంగు మారితే 'ఇది మనది కాదు' అని పారేస్తారు. మీ 66 అంశాల్లో ఇది ఉందా?

కడప టీచరమ్మ:
ఉండకపోవచ్చు. కానీ సూర్యుణ్ణి గీసేది మీ మంచితనం. పక్క షాపులో గీయరు. దాన్ని రూలు చేయడమే విధానమంటే. జర్మనీలోనూ 2018లో ఇలాంటి ప్రణాళిక వచ్చింది, కానీ అది నిపుణులు రాసింది, చట్టం కాదు. ఆస్ట్రియా అయితే జనానికి ఆరోగ్య విషయాలు అర్థం కావడాన్ని 2012లోనే జాతీయ ఆరోగ్య లక్ష్యాల్లో చేర్చుకుంది. నాకు ఆస్ట్రియా దారే నచ్చింది.

హౌస్‌సర్జన్:
రూలు రాసేటప్పుడు ఓపీకి ఇంకో మనిషిని కూడా రాయండి మేడమ్.

పత్తికొండ పిల్లోడు:
ఆదోని అన్నా, నువ్వు చెప్పినట్టే నిన్న కవరు మీద సూర్యుణ్ణి గీసిచ్చినా. అవ్వ చూసి, 'మబ్బు పట్టిన రోజు వేసుకోవద్దా' అనింది.