క్రిస్మస్‌ను నిషేధించింది క్రైస్తవులేనా?

ప్రశ్న:
క్రిస్మస్ జరుపుకుంటే జరిమానా వేసిన క్రైస్తవులు ఒకప్పుడు ఉండేవారని చదివాను, నమ్మబుద్ధి కాలేదు. యేసును కొలిచేవారికే యేసు పుట్టినరోజు ఎందుకు గిట్టలేదు? ఇదంతా ఇంగ్లండును ఏలిన క్రామ్‌వెల్ ఒక్కడి పంతమా?

మొదటి జవాబు:
జరిమానా నిజమే. అమెరికాలో ఇంగ్లీషువారి మసాచుసెట్స్ బే వలసలో 1659లో చట్టం చేశారు, అయిదు షిల్లింగులు. 1681లో ఎత్తేశారు. క్రామ్‌వెల్ మీదికి మాత్రం లోకం అనవసరంగా నెట్టింది. 1647లో క్రిస్మస్‌నూ ఈస్టర్‌నూ కలిపి రద్దు చేసింది ఇంగ్లండు పార్లమెంటు. ఆయన పాలకుడైంది 1653లో.

రెండు చోట్లా దీని వెనుక ఉన్నది ప్యూరిటన్లు, అంటే బైబిల్లో లేని ఆచారాలను చర్చి నుంచి తీసేయాలన్న క్రైస్తవులు. వారి అభ్యంతరానికి అసలు మూలం బైబిలే. అందులో యేసు పుట్టిన తేదీ లేదు, ఆ రోజున పండుగ చేయమన్న ఆజ్ఞా లేదు. దేవుడు నియమించింది వారానికోసారి వచ్చే విశ్రాంతి దినాన్ని. ఆయన పెట్టని పండుగ పెట్టడానికి మనుషులెవరన్నది వారి వాదన. పైగా డిసెంబరు 25 రోమన్ల చలికాలపు సంబరాలకు తొడిగిన ముసుగనీ, పోపు చర్చి అంటగట్టిన ఆచారమనీ అనుమానం. తాగుడు, జూదం గొడవ ఆ తర్వాతి మాట.

రెండో జవాబు:
తర్వాతి మాట ఎలా అవుతుందండీ? 1621లో అమెరికాలోని మరో ఇంగ్లీషు వలస ప్లిమత్‌లో జరిగింది చూడండి. క్రిస్మస్ నాడు గవర్నర్ విలియం బ్రాడ్‌ఫర్డ్ పనికి పిలిస్తే, తమ మనస్సాక్షి ఒప్పుకోదని కొత్తగా వచ్చినవారు ఆగిపోయారు. సరేనన్నాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే వీధిలో బంతాట, కడ్డీలు విసిరే పందేలు! ఆట సామాను లాక్కున్నాడు. భక్తి ఉంటే ఇంట్లో ఉండండి, అందరూ పనిచేస్తుంటే మీరు ఆడుకోవడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదన్నాడు. కోపం ఆట మీదే కదా?

మొదటి జవాబు రాసినవారు:
బ్రాడ్‌ఫర్డ్ విషయంలో మీ మాటే సరి. కానీ 1659 చట్టం విందుతో ఆగలేదు. పండుగని పని మానేసి ఊరికే కూర్చున్నా నేరమే. నోరు మెదపకుండా కూర్చున్నవాడికి జరిమానా వేశారంటే, పేచీ తాగుడుతో కాదు, ఆ రోజుతోనే.

ప్రశ్న అడిగినవారు:
మరి జనం ఊరుకున్నారా?

రెండో జవాబు రాసినవారు:
ఎక్కడి ఊరుకోవడం! 1647 క్రిస్మస్‌కు ఇంగ్లండులోని కాంటర్‌బరీలో దుకాణాలు తెరవాలని మేయరు ఆదేశిస్తే, తెరిచిన కొద్దిమంది సరుకంతా జనం చిందరవందర చేశారు. మధ్యలో రద్దయిన రాజరికం 1660లో తిరిగి రాగానే ఇంగ్లండులో పండుగా తిరిగొచ్చింది. స్కాట్లండువారు మాత్రం గట్టివారు, అక్కడ క్రిస్మస్‌కు ప్రభుత్వ సెలవు వచ్చింది 1958లో.