ఉత్తర వేల్స్‌లో మూడు రోజులు: నాలుగు కోటలూ చూడాలా, రెండు చాలునా?

మాంచెస్టర్ నుంచి ప్రశ్న

మే నెలాఖరు సెలవులకు అమ్మానాన్నలను ఉత్తర వేల్స్ తీసుకువెళుతున్నాము. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు వేల్స్‌ను జయించి కట్టించిన కాన్వీ, కార్నార్వన్, హార్లెక్, బ్యూమారిస్ కోటలు 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి కనుక, వెళ్లినవాళ్లం నాలుగూ చూసి రావాలని నా పట్టుదల. నాలుగూ ఒకే రాజు, ఒకే స్థపతి కట్టినవే కదా, రెండు చూసి మిగిలిన సమయం సముద్రపు ఒడ్డున గడుపుదామని మా ఆవిడ అంటోంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉన్నది. వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పండి.

లివర్‌పూల్ నుంచి జవాబు

మీ ఆవిడ మాటే సరైనదని నా అభిప్రాయం. కాన్వీ, హార్లెక్ చాలు. కాన్వీలో కోటతోపాటు ఊరి ప్రాకారం కూడా నిలిచి ఉన్నది. 1283లో పని మొదలుపెట్టి నాలుగేళ్లలో ముగించారంటే, ఎనిమిది బురుజుల ఆ కోటను చూస్తూ కూడా నమ్మబుద్ధి కాదు. సుమారు 1.3 కిలోమీటర్ల ప్రాకారం మీద చాలా భాగం నడవవచ్చు. ఒక పక్క ఊరి ఇళ్ల కప్పులు, మరో పక్క నదీముఖంలో పోటు తగ్గిన వేళ బురదలో పక్కకు ఒరిగిన పడవలు కనబడతాయి. దానికి టికెట్టు కూడా లేదు.

హార్లెక్‌కు వెళ్లమనడానికి కారణం వేరు. ఎత్తైన బండ మీద ఉన్న ఆ కోట నుంచి కిందికి 108 మెట్లు దిగుతాయి. ఒకప్పుడు సముద్రం ఆ బండ పాదం దాకా వచ్చేది. 1294లో మడాగ్ అప్ లివెలిన్ నాయకత్వంలో వేల్స్ ప్రజలు తిరగబడి భూమార్గాలన్నీ మూసివేసినప్పుడు, లోపలివారికి ఐర్లండు నుంచి ఓడల మీద సరుకులు వచ్చాయి. ఇప్పుడు ఆ మెట్లు దిగితే రైలు స్టేషను, దాని వెనుక గోల్ఫు మైదానం, ఆ పైన ఇసుక దిబ్బలు, వాటికి అవతల ఎక్కడో సముద్రం. కోటా తీరమూ ఒకే కథలో భాగమని ఇంత స్పష్టంగా తెలిసే చోటు మరొకటి నేను చూడలేదు. మిగిలిన రెండు కోటలకు పరుగులు తీస్తే, సాయంత్రానికి గుర్తుండేది కారు నిలుపుకోవడానికి చోటు వెతకడమే.

కార్డిఫ్ నుంచి జవాబు

నాలుగా, రెండా అన్నది నా దృష్టిలో అసలు ప్రశ్నే కాదు. ఎవరి కోటలు చూస్తున్నామన్నది ముఖ్యం. ఈ నాలుగూ గెలిచినవాడు ఓడినవారి నెత్తిన కట్టినవి. కాన్వీ కట్టడానికి, వేల్స్ ప్రభువు లివెలిన్ ది గ్రేట్ సమాధి ఉన్న మఠాన్ని అక్కడి నుంచి ఎత్తివేసి నది ఎగువన మైనన్‌కు తరలించారు. మఠపు చర్చి మాత్రం ఇప్పటికీ ఊరి నడుమ ఉన్నది. బ్యూమారిస్ కోసం లన్వైస్ అనే ఊరిని ఖాళీ చేయించి, ప్రజలను అదే ఆంగ్లసీ ద్వీపంలో మరోచోటికి పంపారు. ప్రాకారం లోపల కొత్తగా వెలసిన పట్టణాలు ఇంగ్లండు నుంచి వచ్చినవారివి. ఇవేవీ తలచుకోకుండా బురుజుల ముందు ఫొటోలు తీసుకొని రావడం నాకు నచ్చదు.

హార్లెక్ వెళ్లే దారిలోనే క్రిక్కెత్ ఉన్నది. సముద్రంలోకి పొడుచుకువచ్చిన కొండ మీది ఆ కోటను మొదట కట్టించినది ఆ లివెలినే. సగానికి పైగా శిథిలమే. 1404లో, ఇంగ్లండు మీద తిరగబడిన వేల్స్ నాయకుడు ఒవైన్ గ్లిన్‌డూర్ దానిని పట్టుకొని తగలబెట్టాడు. ఆయనే అదే కాలంలో హార్లెక్‌నూ పట్టుకొని కుటుంబంతో అక్కడ నివసించాడు. 1409లో కోట తిరిగి ఇంగ్లండు వశమైనప్పుడు ఆయన కుటుంబం బందీ అయింది. ఒకే రోజున ఈ రెండూ చూస్తే వేల్స్‌వారి వైపు కథ కూడా కళ్లకు కడుతుంది.

లివర్‌పూల్ నుంచి మళ్లీ

క్రిక్కెత్ సంగతి ఒప్పుకుంటున్నాను, నా జాబితాలో అది ఉండవలసినదే. కానీ గెలిచినవాడు కట్టాడని కట్టడం విలువ తగ్గదు. గోల్కొండ చూడబోయినప్పుడు దానిని ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారో లెక్కలు తేలాకే ద్వారం దగ్గర చప్పట్లు కొడుతున్నామా?

చెస్టర్ నుంచి జవాబు

చరిత్ర చర్చలో మోకాళ్లను మరచిపోయారు. బురుజుల లోపలి మెట్లు సన్నగా, మెలితిరిగి, మధ్యలో అరిగి ఉంటాయి. ఎదురుగా ఎవరైనా దిగివస్తే గోడకు అతుక్కొని నిలబడాలి. పెద్దాయనకు కాన్వీ పైభాగం కష్టం. లివర్‌పూల్‌వారు వదిలేయమన్న కార్నార్వన్‌లోనే 2023 నుంచి రాజద్వారం దగ్గర లిఫ్టు ఉన్నది. హార్లెక్‌లో వంతెన మీదుగా లోపలి ఆవరణ దాకా మెట్లు లేకుండా వెళ్లవచ్చు. బ్యూమారిస్ నేల సమతలం. డబ్బంతా స్కాట్లండు యుద్ధాలకు తరలడంతో ఆ కోట అసంపూర్తిగా మిగిలింది కనుక అక్కడ ఎక్కవలసినదీ తక్కువే. నీళ్లున్న అగడ్త పక్కన ఒక బల్ల మీద కూర్చుంటే చాలు.

మాంచెస్టర్ నుంచి

అందరికీ కృతజ్ఞతలు. మొదటి రోజు కార్నార్వన్, రెండవ రోజు క్రిక్కెత్, హార్లెక్ అని నిర్ణయించుకున్నాము. మూడవ రోజు కాన్వీలో నేనూ మా ఆవిడా ప్రాకారం ఎక్కుతాము, అమ్మానాన్నలు కింద రేవు దగ్గర కూర్చుంటారు. బ్యూమారిస్ వదిలేశాను. క్రిక్కెత్ కొండ నాన్నగారు ఎక్కగలరా అన్న సందేహం మాత్రం మిగిలింది.

కార్డిఫ్ నుంచి

పచ్చిక వాలు, దూరం తక్కువే గాని నిటారుగా ఉంటుంది. ఆయన ఎక్కలేకపోతే కింద ఒడ్డున కూర్చున్నా కోట మొత్తం కనబడుతుంది.