వెబ్ ఫారంలో తెలుగు పేర్లు పాడవుతున్నాయి: కొన్ని పిచ్చి గుర్తులు, కొన్ని ప్రశ్నార్థకాలు

బ్రాడీపేట4:
గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి రైతుల వివరాలు ఎక్కించే ఫారం. పీహెచ్‌పీ 7.4. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని పాత సర్వర్ నుంచి 8.0కి మార్చాక మూడు రకాల తేడాలు. పాత పేర్లు కొన్ని, తలమీద గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, పక్కనే డిగ్రీ గుర్తు, ఇలా వరసగా వస్తున్నాయి. ఇంకొన్ని ఉత్త ప్రశ్నార్థకాలు. స్లిప్పు మీదైతే ఫిరంగిపురం కాస్తా ‘ఫిరంగి’ అయి, పక్కన నల్ల డైమండ్ పడుతోంది. తెనాలి మాత్రం శుభ్రంగా వస్తోంది! మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 పెట్టే ఉంది.

బెజవాడ_బైట్:
ఇవి మూడు వేర్వేరు జబ్బులండీ, ఒకే మందు పనిచేయదు. తెరను నమ్మకండి. పేరు కాలమ్‌కి హెక్స్ ఫంక్షన్ (లోపల ఉన్న అసలు బైట్లను చూపేది) పెట్టి సెలెక్ట్ చేయండి.

ఈ0బీ0 లేదా ఈ0బీ1తో మొదలైతే అవి అసలు తెలుగు బైట్లే. తెరమీద ప్రశ్నార్థకాలున్నా డేటా బతికే ఉంది, కనెక్షన్ సరిచేస్తే చాలు. అయితే షో క్రియేట్ టేబుల్ కూడా చూడండి. కాలమ్ లాటిన్1 (తెలుగు లేని పాత అక్షరాల పట్టిక) అయితే ముందు వర్‌బైనరీకి, తర్వాతే యూటీఎఫ్8ఎంబీ4కి (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8) మార్చాలి. నేరుగా మారిస్తే బాగున్నదాన్ని చేతులారా పాడుచేసుకున్నట్టే.

సీ3ఏ0సీ2బీ కనిపిస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. మీ గుర్తుల వరస అదే. పాత సర్వర్‌లో కనెక్షన్ లాటిన్1 అయ్యుంటుంది. రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఒకే తప్పు జరిగేది కాబట్టి బయటపడలేదు. 8.0లో డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4, అందుకని ఇప్పుడు బండారం బయటపడింది.

వరసగా 3ఎఫ్ 3ఎఫ్ ఉంటే ఆ పేరు పోయినట్టే. లాటిన్1లో తీసిన డంప్ (డేటా మొత్తం ఫైలుగా తీసిన కాపీ) వల్ల ఇలా అవుతుంది. పాత సర్వర్ ఇంకా ఉంటే డంప్ మళ్ళీ తీయండి.

కొత్తగా పాడవకుండా కనెక్ట్ అయిన వెంటనే సెట్_చార్‌సెట్ పిలిచి యూటీఎఫ్8ఎంబీ4 ఇవ్వండి. సెట్ నేమ్స్ అని క్వెరీ పంపి సరిపెట్టకండి, ఎస్కేప్ ఫంక్షన్‌కి ఆ మార్పు తెలియదు.

లాంఫారం:
డైమండ్ సంగతి డేటాబేస్‌ది కాదు. స్లిప్పు కోడ్‌లో సబ్‌స్ట్రింగ్‌ని 20 దగ్గర కోస్తున్నారు కదా? అది బైట్లు లెక్కపెడుతుంది, ఒక్కో తెలుగు కోడ్‌పాయింటుకి (అక్షరం, గుణింతం గుర్తు విడివిడిగా లెక్క) 3 బైట్లు. తెనాలి 6 కోడ్‌పాయింట్లు, 18 బైట్లు, పట్టేసింది. ఫిరంగిపురం 30 బైట్లు. ‘ఫిరంగి’కి 18 పోగా మిగిలిన రెండూ ‘ప’లో మొదటి రెండు బైట్లు. ఆ ముక్కే డైమండ్. గుంటూరుకి 21 కావాలి, అది కూడా తెగుతూనే ఉండాలి, చూసుకోండి.

ఎంబీ_సబ్‌స్ట్రింగ్ పెడితే డైమండ్ పోతుంది కానీ అక్షరాన్నీ దాని గుణింతం గుర్తునీ విడదీయవచ్చు. ఇంటిల్ ఎక్స్‌టెన్షన్ ఉంటే గ్రాఫీమ్_సబ్‌స్ట్రింగ్ మేలు.

ఇంకో మాట. కోశాక హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ వాడి ఉంటే 7.4లో డిఫాల్ట్‌గా డైమండ్ కాదు, ఖాళీ వచ్చేది. అంటే అక్కడ ఎస్కేప్ చేయట్లేదన్నమాట. అదీ సరిచేయండి.

బ్రాడీపేట4:
20 దగ్గరే కోస్తున్నామండీ, మార్చాను. రెండుసార్లు ఎన్‌కోడ్ అయినవాటిని పైథాన్‌లో సీపీ1252తో (లాటిన్1 లాంటి విండోస్ పట్టిక) వెనక్కి తిప్పుతుంటే ‘రమణ’ వచ్చేసింది, ‘రాములు’ దగ్గర ఎర్రర్ కొట్టి ఆగిపోయింది.

బెజవాడ_బైట్:
ఆపింది కొమ్ము. దాని చివరి బైటు 81, పొల్లుది 8డీ. సీపీ1252లో ఆ రెండు గదులూ ఖాళీ. కాబట్టి ‘ు’ ఉన్న పేరు, ఒత్తున్న పేరు ఏదీ దాటదు. మైఎస్‌క్యూఎల్ లాటిన్1 ఆ బైట్లను పారేయదు, పని అక్కడే చేయండి: కన్వర్ట్ యూజింగ్ లాటిన్1, దాన్ని క్యాస్ట్ యాజ్ బైనరీ, మళ్ళీ కన్వర్ట్ యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4.

ముందు టేబుల్ కాపీ తీసుకుని సెలెక్ట్‌లో చూసుకోండి. అప్‌డేట్‌కి వేర్ షరతు తప్పనిసరి: హెక్స్‌లో సీ3ఏ0సీ2బీ ఉన్న వరసలకే. ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరంతో ఉంటే ఆ గుర్తు మధ్యలో వస్తుంది, లైక్‌లో రెండు వైపులా శాతం పెట్టండి. బాగున్న పేరు మీద నడిపితే మాత్రం అదీ ప్రశ్నార్థకాలైపోతుంది.

కృష్ణలంక_కీబోర్డ్:
ఇవన్నీ చేశాక కూడా ఫారంలో &#3093; లాంటివి దిగితే సర్వర్ హెడర్ చూడండి. కంటెంట్-టైప్‌లో ఐఎస్‌ఓ-8859-1 ఉంటే మెటాని బ్రౌజర్ పట్టించుకోదు. ఆ పేజీలో ‘క’ కొడితే అదే నంబరుగా పోతుంది. అపాచీలో యాడ్‌డిఫాల్ట్‌చార్‌సెట్ వెతకండి.

డీటీపీ వాళ్ళ ఫైల్లోంచి అను ఫాంట్ల పేర్లు తెచ్చి అతికిస్తే వచ్చే చెత్తకీ దీనికీ సంబంధం లేదు. అది యూనికోడే కాదు, కన్వర్టర్‌లో వేసుకోవాల్సిందే.