గీజర్ అడుగున కారుతోంది, గ్యాస్కెట్టా ట్యాంకా ఎలా పోల్చుకోవాలి?

మాది రాజోలు దగ్గరండి, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కుళాయిలకి తెల్లగా గార పట్టేస్తుంది. 15 లీటర్ల గీజర్, ఆన్‌లో ఉన్నప్పుడు సేఫ్టీ వాల్వ్ దగ్గర చుక్కలు పడితే మామూలేలే అనుకోవచ్చు, వేడెక్కి ప్రెషర్ పెరిగితే అది వదలాలి కదా, కానీ ఇప్పుడు స్విచ్ ఆపి చల్లారాక కూడా కింద ప్లాస్టిక్ మూత అంచు నుంచి తుప్పు రంగులో కారుతోంది. ప్లంబరేమో మూతైనా తీయకుండా ట్యాంక్ పోయింది కొత్తది కొనెయ్యండి అంటున్నాడు, ఆయనదేం పోయింది. నీళ్ళు వేడిచేసే ఎలిమెంట్ బిగించే చోట రబ్బరు గ్యాస్కెట్ పాడైనా ఇలాగే కారుతుందా? కరెంటు మెయిన్ ఆపి మూత తీస్తే దేన్ని బట్టి తెలుస్తుంది? లోపలి మెగ్నీషియం రాడ్ అరిగిపోతే ఉప్పునీళ్ళు ట్యాంకునే తినేస్తాయంటారు, ఇప్పుడు కొత్త రాడ్ వేసినా లాభముంటుందా, లేక గ్యాస్కెట్ ఒక్కటి మార్చేస్తే సరిపోద్దా? తెలిసినోళ్ళు కాస్త చెప్పండి బాబూ.