“నీ కడుపునే మళ్ళీ పుడుతుంది” అన్నాను. తప్పు మాట్లాడానా?

ప్రశ్న: పర్లాకిమిడి మాస్టారు

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 22 ఏళ్ళుగా గజపతి జిల్లాలో కొండల వైపు ప్రైమరీ స్కూళ్ళలో పనిచేస్తున్నాను.

మా స్కూల్లో ఒక సవర (కొండజాతి) టీచరమ్మ ఉంది. వాళ్ళు బాప్టిస్టు క్రైస్తవులు. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. పోయిన నెల వాళ్ళమ్మ పోయింది. మూడో రోజు వెళ్ళాను. ఇంటి ముందు టార్పాలిన్ కట్టారు, దాని కింద పెద్ద డేక్సాలో టీ మరుగుతోంది. ఆ అమ్మాయికి ఏడో నెల. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. నాకు కడుపు తరుక్కుపోయింది. మన ఇళ్ళల్లో అనే మాటే నోట్లోంచి వచ్చేసింది: “ఏడవకమ్మా, అమ్మ ఎక్కడికీ పోలేదు. నీ కడుపునే మళ్ళీ పుడుతుంది.”

తను కళ్ళు తుడుచుకుని మెల్లగా అంది: “అలా అనకండి అన్నయ్యా. అమ్మ మళ్ళీ పుట్టదు. ప్రభువు వచ్చిన రోజున అమ్మని అమ్మగానే చూస్తాను. ఇంకో పాపగా కాదు.”

ఏం చెయ్యాలో తోచక “ఏదైతేనేం, దేవుడు ఒక్కడే, దారులే వేరు” అన్నాను. ఆ అమ్మాయి ముఖం ఇంకా చిన్నబోయింది.

పక్కనే వాళ్ళ పెద్దమ్మ ఉంది, ఆవిడ బాప్తిస్మం తీసుకోలేదు. నేను లేచి వస్తుంటే ఒడియాలో చెప్పుకొచ్చింది. వాళ్ళ పాత పద్ధతిలో చనిపోయినవాళ్ళు పూజారిణి ఒంటి మీదికి వచ్చి మాట్లాడతారట. ఎలా పోయారో చెబుతారు, అలుగుతారు, ఫలానా తిండి కావాలంటారు, ఇంట్లోవాళ్ళు ఎదురు జవాబు చెబుతారు. తరవాత పేరున రాయి నిలబెడతారు. “ఇప్పుడు నా చెల్లెలితో మాట్లాడాలంటే నాకెవరున్నారు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఒకే గడపలో చావు గురించి మూడు నమ్మకాలు. ఇన్నాళ్ళూ పిల్లలకి “అన్ని మతాలూ చెప్పేది ఒకటే” అని పాఠం చెప్పాను. అది నిజమేనా? అలాంటి ఇంటికి వెళ్తే ఏం మాట్లాడాలి?

జవాబు: బరంపురం తాత

మాస్టారూ, “దారులే వేరు” అన్నది కూడా ఒక నమ్మకమేనండీ. “ఏకం సత్ విప్రా బహుధా వదంతి” అని ఋగ్వేదంలో ఉంది కాబట్టి మనకది అలవాటైపోయింది. ఆ అమ్మాయికి అది అలవాటు లేదు, అంతే.

అసలు మనలో మనకే ఒక్క మాట లేదు. అద్వైతంలో జీవుడూ బ్రహ్మమూ రెండు కావు. మధ్వుల దగ్గర ఎప్పటికీ రెండే. పరలోకాన్ని నమ్మని చార్వాకులైతే బూడిదైన ఒళ్ళు తిరిగి రాదనేశారు. ఒక పక్క పునర్జన్మ అంటాం, ఇంకో పక్క ఏటేటా పితృదేవతలకి పిండం పెడతాం. మళ్ళీ పుట్టేసినవాడికి పిండమెందుకని చిన్నప్పుడు మా నాన్నని అడిగితే చీవాట్లు పెట్టారు.

మా గంజాం జిల్లాలో పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. అశోకుడి శాసనాల రాయి. నాలుగుసార్లు వెళ్ళాను. పెద్ద శిలాశాసనాలు మొత్తం 14 కదా, అక్కడ 11, 12, 13 లేవు. వాటి బదులు కళింగ కోసం విడిగా రెండు చెక్కించాడు. 13వది కళింగ యుద్ధంలో పోయిన ప్రాణాల గురించి. ఇక్కడివాళ్ళకి అది చూపించలేకపోయాడేమో అని నాకనిపిస్తుంది. మీకు కావలసింది మాత్రం 12వది. దానికోసం కర్నూలు జిల్లా ఎర్రగుడి దాకా పోవాలి, అక్కడ 14 శాసనాలూ ఉన్నాయి. ఆ 12వ దాంట్లో అన్ని మతాలూ ఒకటే అని అశోకుడు ఎక్కడా అనడు. అన్నిటి సారమూ పెరగాలి, దానికి మూలం మాట అదుపు అంటాడు. సందర్భం లేకుండా మన మతాన్ని పొగడొద్దు, ఎదుటివాళ్ళది తీసిపారెయ్యొద్దు, ఒకరి ధర్మం ఒకరు వినాలి అంటాడు. వినాలి అన్న మాట దగ్గర కాసేపు ఆగండి మాస్టారూ.

జవాబు: మోహన కిరాణా షాపు

మా గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లు ఉన్నారు. మొక్కజొన్న పండిస్తారు. జిరంగలో వాళ్ళ పెద్ద మఠాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. బౌద్ధులు కూడా మళ్ళీ పుడతారనే నమ్ముతారు కదా, మనలాగే అనుకునేవాడిని. మా ఖాతాదారు ఒకాయన విడమరిచి చెప్పాడు. సృష్టించిన దేవుడు లేడు, మారకుండా ఉండే ఆత్మ కూడా లేదట. మరి పుట్టేదెవరు అంటే, ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టు అన్నాడు. రెండో దీపం మొదటిది కాదు, అలాగని సంబంధం లేనిదీ కాదు. వాళ్ళింట్లో ఎవరైనా పోతే 49 రోజులు ప్రార్థనలు జరుగుతాయి. శవం దగ్గర గట్టిగా ఏడవొద్దంటారు, పోయేవాళ్ళకి దారి చెదురుతుందని. మన ఊళ్ళల్లో ఏడవకపోతే ప్రేమ లేదంటారు!

జవాబు: పాతపట్నం అక్క

మాస్టారుగారూ, మేము ముస్లింలం. మా నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్ళలో చాలామంది “మళ్ళీ జన్మలో కూడా నీకు ఆయనే నాన్న అవుతాడు” అన్నారు. కోపం రాలేదు కానీ ఆ మాట నాకు ఊరట ఇవ్వలేదు. మాకు ఒకటే జీవితం, తరవాత సమాధిలో నిరీక్షణ, ఖియామత్ (తీర్పు) రోజున లెక్క. మేము అనుకునే మాట “మనం అల్లాహ్ వాళ్ళం, ఆయన దగ్గరికే తిరిగి వెళ్తాం” అని. దుఃఖం పాటించేది మూడు రోజులు, భర్త పోయిన భార్యకి మాత్రం నాలుగు నెలల పది రోజులు.

చావు జరిగిన ఇంటికి చుట్టుపక్కలవాళ్ళే వండి పంపాలని మా ప్రవక్త చెప్పారు. ఎదురింటి సావిత్రమ్మత్తకి ఆ సంగతి తెలియదు. అయినా గిన్నెడు ఉప్మా తెచ్చి, నా పక్కన కూర్చుని, ఒక్క మాట అనకుండా నా చేత తినిపించి వెళ్ళింది. నాకు ఇప్పటికీ ఆ ఉప్మా గుర్తుంది.

జవాబు: రాయగడ కుర్రాడు

మాస్టారు మంచి మనసుతో అన్నారు. దానికి ఇన్ని లెక్కలు ఎందుకండీ?

మళ్ళీ పర్లాకిమిడి మాస్టారు

తమ్ముడూ, నా మనసు మంచిదే, కానీ నొప్పి తగిలింది ఆ అమ్మాయికి. అందుకే అడిగాను.

అందరికీ దండాలు. మొన్న ఆదివారం ఆదరణ కూడికకి, అంటే పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థనకి, వెళ్ళాను. ఈసారి నేనేం చెప్పలేదు, “మీ అమ్మ గురించి చెప్పమ్మా” అన్నాను. అరగంట చెప్పింది. చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి దిగుతూ వాళ్ళమ్మ దారంతా పాడేదట. పెద్దమ్మ పక్కన చేరి ఆ పాటలో మరిచిపోయిన ముక్క అందించింది. ఇద్దరూ నవ్వారు, తరవాత ఏడ్చారు.

వచ్చేస్తుంటే ఆ అమ్మాయి నన్ను అడిగింది: “అన్నయ్యా, మీ నాన్నగారికి పిండం పెడతారు కదా, ఆయన వస్తారని నిజంగా నమ్ముతారా?”

ఇంతవరకూ నన్ను ఎవరూ అలా అడగలేదు. “అది నాకు సరిగ్గా చెప్పడం రాదమ్మా. కానీ మహేంద్రతనయ ఒడ్డున పిండం పెట్టాక, కాకి వచ్చి ముట్టేదాకా నేను అక్కడినుంచి కదలను” అన్నాను.