పపువా న్యూ గినీ అడవుల్లో యుద్ధ విమాన శిథిలాలు: గుర్తించేదెలా?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధపు శిథిలం మీద రంగు, అంకెలు చెరిగిపోతే ఏ విమానమో ఎలా తేల్చాలి?

జవాబు 1: ముందు ఇంజిన్ సిలిండర్లు లెక్కపెట్టండి. చుట్టూ ఒకే వరుసలో 9 ఉంటే అమెరికా బాంబర్ విమానం బీ-17 కావచ్చు. రెండు వరుసల్లో 18 అయితే అమెరికా ఫైటర్ విమానం పీ-47 కావచ్చు. వీ ఆకారంలో 12 ఉంటే పీ-40, పీ-38, పీ-39 ఫైటర్లు మూడూ లెక్కలోకి వస్తాయి. తర్వాత ఇంజిన్, మెషిన్ గన్ నంబర్లు ఫొటో తీయండి. గల్లంతైన విమాన సిబ్బందిపై అమెరికా సైన్యం రాసిన నివేదికల్లో చాలావాటిలో ఆ నంబర్లుంటాయి.

జవాబు 2: ఇంజిన్ నంబర్ ఒక్కటే నమ్మొద్దు, ఇంజిన్లు మారుస్తూ ఉండేవారు. తుప్పు తోమితే లోహంపై అచ్చొత్తిన అక్షరాలు కూడా పోతాయి. అవి కనిపించాలంటే ఏటవాలుగా టార్చి వేస్తే చాలు.

జవాబు 3: తూటాలు, రేడియం పూసిన డయళ్లు ముట్టుకోకండి. ఎముకలు కనిపిస్తే దయచేసి అక్కడితో ఆగండి. పపువా న్యూ గినీలోని 1952 నాటి యుద్ధ సామగ్రి చట్టం ప్రకారం శిథిలం అక్కడి ప్రభుత్వానిదే. ముక్క కూడా తీయకూడదు.